మా తాత జపాన్ వాళ్ళ దగ్గర యుద్ధఖైదీ. ఎక్కడ ఉంచారో తెలుసుకునే దారి ఉందా?

ధర్మసాగర్_మనవడు
మాది హనుమకొండ దగ్గర ధర్మసాగర్. మా తాత, అంటే నాయిన వాళ్ళ నాయిన, రెండో ప్రపంచ యుద్ధంలో సిపాయి. 1941లో ఓడెక్కి సింగపూర్ పోయాడు, 1945 చివర్లో తిరిగొచ్చాడు. మధ్యలో మూడున్నరేళ్ళు జపాన్ వాళ్ళ దగ్గర ఖైదీ. మా ఇంట్లో ఎవరిని అడిగినా ఈ నాలుగు ముక్కలే చెప్తారు.

1988లో తాత పోయినప్పుడు నాకు ఏడేళ్ళు. ఆయనకు ఎడమ మోకాలి కింద, ముందు ఎముక మీద రూపాయి బిళ్ళంత గుంట ఉండేది. బావి దగ్గర స్నానం చేస్తుంటే అందులో వేలు పెట్టి చూసేవాణ్ణి. ఏమైంది తాతా అంటే "కుక్క కరిచింది బిడ్డా" అనేవాడు. నాయినకేమో ముల్లు దిగిందని చెప్పాడట. శివరాత్రి నాడు ఇంట్లో మోరంగడ్డలు (చిలగడదుంపలు) ఉడుకుతుంటే లేచి చెరువు కట్ట మీదికి పోయి కూర్చునేవాడు. అవ్వ గిన్నె కడిగి బోర్లించాకే ఇంటికొచ్చేవాడు. నిద్రలో "రావులూ, రావులూ" అని అరిచేవాడని అవ్వ చెప్పేది. తోటి సిపాయి పేరేమో అనుకున్నాం.

"తాతది హైదరాబాద్ రెజిమెంట్" అని నాయిన నమ్మకం. ఆ పేరు పట్టుకుని నాలుగేళ్ళుగా తిరుగుతున్నా. ఒక ఆఫీసులో సర్వీసు నంబరు లేనిదే ఏం చేయలేమన్నారు. ఇంకో చోట "ఎనభై ఏళ్ళ కిందటి ముచ్చట ఇప్పుడెందుకు" అని కాగితం వెనక్కిచ్చారు. నాయిన పోయినేడు ఏమీ తెలియకుండానే కన్నుమూశాడు. ఇప్పుడు తాతను ఎరిగినవాళ్ళలో మిగిలింది మేనత్త ఒక్కతే, ఆమెకు ఎనభై ఐదు. ఆమె ఉండగా తెలుసుకోవాలని నా తపన. ఎవరైనా ఇట్లాంటి పని చేసినవాళ్ళుంటే చెప్పండి.

కాజీపేట_జంక్షన్
నిజాం ఫౌజా, ఇంగ్లీషోళ్ళ ఫౌజా? ముందు అది తేలాలి తమ్ముడూ.

ఓరుగల్లు_బిడ్డ
సింగపూర్‌లో పట్టుబడ్డ మనవాళ్ళు నేతాజీ సైన్యంలో చేరారు. మీ తాత కూడా ఆజాద్ హింద్ ఫౌజ్ మనిషే అయి ఉంటాడు. స్వాతంత్ర్య సమరయోధుడి పింఛను రావాల్సిన కుటుంబం మీది. ఆ దారిలో వెతకండి.

రిటైర్డ్_సుబేదార్
కాజీపేట అన్న అడిగింది అసలు ప్రశ్న. కొంచెం వివరంగా రాస్తాను, చాలామంది ఇక్కడే దారి తప్పుతారు.

హైదరాబాద్ పేరుతో మలయాలో, అంటే ఇప్పటి మలేసియాలో, రెండు వేర్వేరు సైన్యాలు పోరాడాయి. ఒకటి 19వ హైదరాబాద్ రెజిమెంట్. పేరే హైదరాబాద్, కానీ అది బ్రిటిష్ ఇండియన్ ఆర్మీది. అందులో ఎక్కువగా కుమావూ, జాట్, అహిర్ వాళ్ళుండేవారు. 1945 అక్టోబర్ 27న దాని పేరు కుమావూ రెజిమెంట్‌గా మారింది, దాని కేంద్రం ఉత్తరాఖండ్‌లోని రాణిఖేత్. దాని 4వ బెటాలియన్ మలయాలో ఉంది. 1942 జనవరి 7న స్లిమ్ రివర్ దగ్గర జపాన్ ట్యాంకుల దెబ్బకు 12వ బ్రిగేడ్ మొత్తం చెదిరిపోయింది, ఆ బెటాలియన్ అందులోదే.

రెండోది నిజాం సొంత సైన్యం, 1వ హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ. జపాన్ వాళ్ళు 1941 డిసెంబర్ 8 తెల్లవారుజామున కోటా భారు తీరంలో దిగినప్పుడు అక్కడి విమానాశ్రయం కాపలా వీళ్ళదే. ఆ రాత్రి గందరగోళంలో వాళ్ళ కమాండింగ్ ఆఫీసరే చనిపోయాడు.

ఇక మూడో దారి. తాతకు ఈ రెండింటితోనూ సంబంధం లేకపోవచ్చు. మన తెలుగువాళ్ళు ఎక్కువగా మద్రాస్ సాపర్స్ (వంతెనలు, రోడ్లు వేసేవాళ్ళు), పయనీర్లు, సర్వీస్ కోర్, హాస్పిటల్ కోర్ లాంటి వాటిలో ఉండేవారు. వంటవాళ్ళు, చాకలివాళ్ళు, నీళ్ళు మోసే భిస్తీలుగా కూడా వెళ్ళారు. వాళ్ళు కూడా ఖైదీలయ్యారు. ఇంట్లో మాత్రం అందరికీ "హైదరాబాద్ నుంచి పోయిన సిపాయి" అనే గుర్తుంటుంది.

యుద్ధం నుంచి వచ్చాక తాత ఏం పని చేశాడు? పతకాలేమైనా ఉన్నాయా?

ధర్మసాగర్_మనవడు
సార్, వచ్చాక ఆజంజాహి మిల్లులో పత్తి లారీ తోలాడు. డ్రైవరు నౌకరీ దొరికిందంటే అప్పట్లో పెద్ద విషయమట. పతకాలు ఒక రేకు సందూకలో ఉన్నాయి, సందూక మేనత్త దగ్గర పరకాలలో ఉంది. చిన్నప్పుడు చూశాను, నక్షత్రాల్లాంటివి.

రిటైర్డ్_సుబేదార్
డ్రైవరా! 1941లో ఒక పల్లెటూరి పిల్లవాడికి లారీ తోలడం ఎవరు నేర్పుతారు? సైన్యానికి సరుకులు, రవాణా చూసే రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్ (ఆర్.ఐ.ఎ.ఎస్.సి.) అయి ఉండొచ్చు. మోటార్ ట్రాన్స్‌పోర్ట్ (ఎం.టి.) కంపెనీల కోసం వాళ్ళు వేలమందికి డ్రైవింగ్ నేర్పించి పంపారు. నేను తొందరపడి తీర్పు చెప్పను. సందూక తెరువు.

నక్షత్రాల వెనకవైపు, గుండ్రటి పతకమైతే దాని అంచు చుట్టూ చూడు. బ్రిటిష్ సైనికులకు ఇచ్చిన ఆ యుద్ధపు నక్షత్రాల మీద పేర్లుండవు. మన ఇండియన్ సైనికులకు ఇచ్చినవాటి మీద మాత్రం నంబరు, హోదా, పేరు, యూనిట్ పొట్టి అక్షరాల్లో కొట్టి ఇచ్చారు. చింతపండు, బూడిద పెట్టి తోమవద్దు, అక్షరాలు అరిగిపోతాయి. మెత్తటి గుడ్డతో తుడిచి, ఏటవాలు వెలుతురులో ఫోటో తియ్యి.

పరకాల_లత
పరకాల అన్నారు కాబట్టి నేనూ రాస్తున్నాను. మా తాత తమ్ముడు కూడా అదే యుద్ధానికి పోయాడు, తిరిగి రాలేదు. "ఫౌజు నుంచి పారిపోయి మలయాలోనే పెళ్ళి చేసుకున్నాడు" అని ఊళ్ళో పుకారు. ఆయన భార్య, మా చిన్నవ్వ, మెడలో పుస్తెలు తీయలేదు. ప్రతి బతుకమ్మకు కొత్త చీర కట్టేది. 1979లో ఆమె చనిపోయేదాకా ఊరు ఆమెను వదిలేసిన ఆడదానిగానే చూసింది.

మూడేళ్ళ కింద కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ వెబ్‌సైట్‌లో వెతికాను. దొరికాడు. సింగపూర్‌లో క్రాంజి దగ్గరున్న స్మారకం గోడ మీద పేరుంది. తండ్రి పేరు, ఊరి పేరు, భార్య పేరు కూడా రాసి ఉన్నాయి. చిన్నవ్వ పేరు అక్కడ "భర్త" అన్న మాట పక్కన ఉంది. ఆమె పోయి నలభై ఏళ్ళు దాటాక నేను ఫోన్‌లో చదివాను.

మీ తాత తిరిగి వచ్చాడు కాబట్టి ఆ జాబితాలో ఉండడు. అందులో 1939 సెప్టెంబర్ 3 నుంచి 1947 డిసెంబర్ 31 మధ్య చనిపోయినవాళ్ళే ఉంటారు. కానీ తాత యూనిట్ తెలిశాక అదే యూనిట్ వాళ్ళు ఎక్కడ చనిపోయారో చూడండి. ఎక్కడెక్కడికి తరలించారో దానివల్ల అందాజా వస్తుంది.

పేర్ల స్పెల్లింగ్ సంగతి కూడా చెప్పాలి. మావాడు కొమురయ్య, అక్కడ కుమారియా అని ఉంది. ఊరు పేరు ఇంకా ఘోరం. పది రకాలుగా కొట్టి చూడాలి.

ములుగు_అడవి
లతక్కా, చదివి చాలాసేపు ఏం రాయాలో తోచలేదు. ఆ పేజీ ప్రింట్ తీసి ఊళ్ళో అందరికీ చూపించారా?

పరకాల_లత
చూపించాను. బొడ్రాయి దగ్గర పెద్దమనుషులందరి ముందు చదివించాను.

సికిందర్_కరీంనగర్
మా దాదా కథ యూరప్ వైపుది. ఫౌజులో వంటమనిషి. 1942 జూన్ 21న లిబియాలోని తొబ్రుక్ పడిపోయినప్పుడు దొరికాడు. అక్కడి నుంచి ఇటలీ తీసుకుపోయారు. 1943 సెప్టెంబర్‌లో ఇటలీ చేతులెత్తేశాక జర్మన్లు వీళ్ళను రైళ్ళలో కుక్కి తమ వైపు పట్టుకుపోయారు. చివరికి ఫ్రాన్స్‌లో ఎపినాల్ అనే ఊళ్ళో పెట్టారు, అక్కడ ఇండియన్ ఖైదీల క్యాంపు పెద్దది. 1944 మే 11న అమెరికా విమానాలు ఆ ఊరి మీద బాంబులేస్తే క్యాంపు గోడలు కూలాయి. వందలమంది మనవాళ్ళు కొండలెక్కి స్విట్జర్లాండ్ చేరారు. అందులో మా దాదా ఒకరు. మంచు మీద చెప్పుల్లేకుండా నడిచానని చెప్పేవారు. మేము పిల్లలం నవ్వేవాళ్ళం, మే నెలలో మంచేంటి దాదా అని. తర్వాత అట్లాస్ తీసి చూస్తే తెలిసింది, అక్కడి కొండల మీద ఎండాకాలం మొదట్లో కూడా మంచు మిగిలి ఉంటుందట.

నేను జెనీవాలోని రెడ్‌క్రాస్ కమిటీ ఆర్కైవ్స్‌కు ఆన్‌లైన్ ఫారం పెట్టాను. డబ్బులు తీసుకోరు. ఏడాదిలో కొన్నిసార్లే దరఖాస్తులు తెరుస్తారు, కోటా నిండగానే మూసేస్తారు. మూడుసార్లు తప్పిపోయింది, నాలుగోసారి అర్ధరాత్రి అలారం పెట్టుకుని కూర్చున్నా. నెలల తర్వాత జవాబు వచ్చింది. ఖైదీ నంబరు, క్యాంపులు, తేదీలు అన్నీ ఒక కాగితంలో.

మీరు కూడా పెట్టండి. కానీ జపాన్ వైపు అంత దొరకదు.

ధర్మసాగర్_మనవడు
ఎందుకు దొరకదు భయ్యా?

మానుకోట_సార్
దానికి నేను చెప్తాను. 1929 జెనీవా ఒప్పందం ప్రకారం ఎవరిని పట్టుకున్నారో జాబితా రెడ్‌క్రాస్‌కు పంపాలి. జర్మనీ, ఇటలీ పంపాయి. జపాన్ ఆ ఒప్పందం మీద సంతకం పెట్టింది గానీ ఆమోదించలేదు. పంపినవి తక్కువ, ఇండియన్ల విషయంలో మరీ తక్కువ. లండన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో జపాన్ వాళ్ళు రాసిన ఖైదీల కార్డులు వేలల్లో ఉన్నాయి, కానీ అవి ఎక్కువగా తెల్లవాళ్ళవే.

ఓరుగల్లు_బిడ్డ గారు రాసినదానికి కూడా జవాబు చెప్పాలి. "మనవాళ్ళు చేరారు" అంటే అందరూ చేరినట్టు వినిపిస్తుంది. సింగపూర్ 1942 ఫిబ్రవరి 15న లొంగిపోయింది. 17న ఫారర్ పార్క్‌లో నలభై వేలకు పైగా ఇండియన్ సైనికులను నిలబెట్టి బ్రిటిష్ వాళ్ళు జపాన్ మేజర్ ఫుజివారాకు అప్పగించారు. ఆయన వాళ్ళను ఇండియన్ సైన్యానికే చెందిన కెప్టెన్ మోహన్‌సింగ్‌కు అప్పగించాడు. ఆ సెప్టెంబర్‌లో మోహన్‌సింగ్ కింద మొదటి ఐ.ఎన్.ఎ. (ఆజాద్ హింద్ ఫౌజ్) ఏర్పడినప్పుడు అందులో దాదాపు పదహారు వేలమంది. డిసెంబర్‌లో మోహన్‌సింగ్‌నే జపాన్ వాళ్ళు నిర్బంధించారు. నేతాజీ సింగపూర్ వచ్చింది 1943 జూలైలో. ఈ మధ్యలో చేరనివాళ్ళనీ, చేరి బయటికి వచ్చినవాళ్ళనీ కూలీ దళాలుగా కట్టి ఓడల్లో దీవులకు పంపారు. 1943 మేలో న్యూగినీ వైపు పోయిన ఓడల్లో వేలమంది వెళ్ళారు. వెవాక్ వైపు దిగినవాళ్ళలో తిరిగొచ్చినవాళ్ళు చాలా కొద్దిమంది.

ఓరుగల్లు_బిడ్డ
సార్, నేను తప్పుగా ఏం అనలేదు. నేతాజీతో నడిచినవాళ్ళను మన ఊళ్ళల్లో ఎవరూ గుర్తించలేదని నా బాధ. మా అమ్మ వాళ్ళ పెదనాన్న ఐ.ఎన్.ఎ. మనిషి. తిరిగొచ్చాక వాళ్ళను ఇంగ్లీషోళ్ళు తెలుపు, బూడిద, నలుపు అని మూడు రంగులుగా విడగొట్టారు, నలుపు అంటే పూర్తిగా నేతాజీ పక్షం అని. ఆయన నలుపు. బెంగాల్‌లో నీల్‌గంజ్ క్యాంపులో పెట్టి, జీతం బాకీ కూడా ఇవ్వకుండా ఇంటికి పంపారు. అందుకే ఆ మాట వినగానే ఊరుకోలేను.

మానుకోట_సార్
మీ బాధ న్యాయమైనది, దాన్ని కాదనను. కానీ చేరకుండా దీవుల్లో మగ్గినవాళ్ళ గురించి కూడా ఎవరూ మాట్లాడలేదు. వాళ్ళను ఇంగ్లీషోళ్ళ పక్షం అన్నారు. తిండి లేక, మలేరియాతో, దెబ్బలతో చచ్చిపోతూ కూడా మాట తప్పలేదు వాళ్ళు. ఇద్దరినీ గౌరవించాలి. ఆ తాత ఎవరో తెలియకముందే ఒక పక్కన నిలబెట్టవద్దు, నా మనవి అంతే.

మీ పెదనాన్న గారి సంగతికి దారి ఉంది. 1997లో రక్షణ శాఖ 990 ఐ.ఎన్.ఎ. ఫైళ్ళను ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్‌కు ఇచ్చింది. అభిలేఖ్ పటల్ అనే పోర్టల్‌లో వెతకండి.

ఓరుగల్లు_బిడ్డ
ఇది నాకు తెలియదు సార్. రేపే చూస్తా.

జగిత్యాల_లైబ్రరీ
ప్రశ్న అడిగిన తమ్ముడికి ఒక మాట. కాగితాల కంటే ముందు మేనత్త దగ్గర కూర్చుని ఫోన్‌లో రికార్డ్ పెట్టు. "క్యాంపు ఎక్కడ" అని అడగకు, ఆమెకు తెలియదు. తాత ఏం తినేవాడు, ఏం పాడేవాడు, పిల్లలను ఎట్లా పిలిచేవాడు, ఇంట్లో ఎవరికీ అర్థంకాని మాటలేమైనా అనేవాడా, ఇవి అడుగు.

కాజీపేట_జంక్షన్
మంచి మాట. మా అమ్మమ్మను "అప్పుడేం జరిగింది" అంటే ఏమీ చెప్పదు. "ఆ రోజు ఏం కూర" అంటే గంటన్నర చెప్తుంది, అందులో ఊరి చరిత్ర మొత్తం వచ్చేస్తుంది.

ధర్మసాగర్_మనవడు
లైబ్రరీ గారూ, అర్థంకాని మాట అంటే ఒకటి నాకే గుర్తుంది. సాయంత్రం మేము పిల్లలందరం వాకిట్లో ఆడుతుంటే తాత గట్టిగా "బంగో!" అని అరిచేవాడు. అందరం వరసగా నిలబడాలి, ఆయన ఒక్కొక్కరి తల మీద చెయ్యి పెట్టి లెక్కపెట్టుకునేవాడు. అది మా ఇంటి ఆట అనుకున్నాం. మా తమ్ముడికి ఇప్పటికీ ముద్దుపేరు బంగో.

నిజామాబాద్_టు_ఒసాకా
ఏడేళ్ళ నుంచి జపాన్‌లో ఉంటున్నాను. ఇది చదవగానే ఒళ్ళు జలదరించింది.

బంగో అంటే జపనీస్‌లో "నంబరు". సైన్యంలో వరసగా నిలబెట్టి "బంగో!" అని అరిస్తే ఒక్కొక్కరు తమ నంబరు పలకాలి. ఇచి, ని, సన్, సి, గో అని. ఖైదీల క్యాంపుల్లో పొద్దున, సాయంత్రం లెక్క తీసేది ఇట్లాగే. ఖైదీలు కూడా జపనీస్‌లోనే అంకెలు చెప్పాలి.

తాత ఇంటికొచ్చాక ఇట్లా ఇంకేదైనా లెక్కపెట్టేవాడా? మేకలో, బస్తాలో?

ములుగు_అడవి
అయ్యో. పిల్లల ఆట అనుకున్నారు మీరు.

ధర్మసాగర్_మనవడు
ఏం రాయాలో తెలియట్లేదు. ఆదివారం పరకాల పోతున్నా.

ధర్మసాగర్_మనవడు
పోయొచ్చాను. రెండు రోజులు రాయడానికి మనసు రాలేదు.

ముందు సందూక సంగతి. తుప్పు పట్టిన గొళ్ళెం, లోపల వేపాకు వాసన. ఖాకీ గుడ్డలో చుట్టి రెండు ఆరుకోణాల నక్షత్రాలు, ఒక గుండ్రటి పతకం. ఒక నక్షత్రం మీద పసిఫిక్ స్టార్ అని ఉంది, రిబ్బన్ ఆకుపచ్చ, మధ్యలో పసుపు గీత. సుబేదార్ సార్ చెప్పినట్టు కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుని చూశాను. వెనక సన్నటి అక్షరాలు. ఎం.టి. అని మొదలై ఒక నంబరు, తర్వాత తాత పేరు, చివర ఆర్.ఐ.ఎ.ఎస్.సి. గుండ్రటి పతకం అంచు మీదా అదే. తాత పేరులో రెండక్షరాలు తప్పు. అయినా అది మా తాత పేరే. నాలుగేళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగింది ఈ నంబరు కోసమే, అది మా మేనత్త మంచం కింద ఉంది.

ఇక మేనత్త. జగిత్యాల లైబ్రరీ గారు చెప్పినట్టే కూర రుచులతో మొదలుపెట్టాను. తాత తిరిగొచ్చిన రోజు ఆమెకు ఐదేళ్ళు. ఎవరో నల్లటి మనిషి, బొక్కలు తేలినవాడు, గడప ముందు నిలబడ్డాడట. ఆమె భయపడి గోలెం వెనక దాక్కుంది. అవ్వ మాత్రం ఏం మాట్లాడకుండా లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి కాళ్ళు కడిగింది. ఆ కాలి గుంట అప్పటికే ఉంది, ఇంకా పచ్చిగా.

తర్వాత నేను మెల్లగా "అత్తమ్మా, ఇచి, ని..." అన్నాను. అంతే. ఆమె నా వైపు చూడకుండా, గోడ వైపు చూస్తూ "సన్, సి, గో, రోకు, సిచి, హాచి, కు, జు" అని చివరిదాకా చెప్పింది. బియ్యం చెరుగుతూ చెప్పినంత తేలిగ్గా. "బాపు మేకలను కొట్టంల పెట్టేటప్పుడు ఇట్ల లెక్కబెట్టేటోడు. ఒక్కటి తక్కువైనా మళ్ళ మొదటి నుంచి. చీకటి పడ్డా సరే, లెక్క కలిసేదాక అన్నం ముట్టేటోడు కాదు" అంది. ఎనభై ఏళ్ళుగా ఆమెకు అది మేకల లెక్క.

ఖైదీలను ఉంచిన చోట్ల పేర్లు, మానుకోట సార్ రాసినవి, ఇంకొన్ని కలిపి చదివి వినిపించాను. చాంగి, నీసూన్, కుచింగ్, వెవాక్, రబౌల్. రబౌల్ దగ్గర ఆపింది. "మళ్ళ అను" అంది. అన్నాను. "రావులు కాదుర అది. గిదే" అంది.

పరకాల_లత
చదువుతూ ఏడుస్తున్నా.

నిజామాబాద్_టు_ఒసాకా
లెక్క తప్పితే మళ్ళీ మొదటి నుంచి. అది క్యాంపు పద్ధతే. వర్షంలోనైనా, జ్వరంతోనైనా సంఖ్య కలిసేదాకా నిలబెట్టేవారని ఖైదీల జ్ఞాపకాల్లో చాలాచోట్ల ఉంది.

కాజీపేట_జంక్షన్
అత్తమ్మ మాట మీద గౌరవం ఉంది. కానీ ఒక్క శబ్దం పట్టుకుని రబౌల్ అని తీర్మానించడం తొందరేమో. ఐదు పేర్లు చదివితే ఏదో ఒకటి తెలిసినట్టు అనిపిస్తుంది కదా.

మానుకోట_సార్
కాజీపేట గారి జాగ్రత్త మంచిదే. అయితే మోరంగడ్డ సంగతి కూడా కలిపి చూడండి. రబౌల్ పాపువా న్యూగినీలో, న్యూబ్రిటన్ దీవి మీద ఉంది. 1944కల్లా మిత్రపక్షాలు ఓడల దారి మూసేశాయి. బియ్యం రాక జపాన్ సైనికులు, ఖైదీలు అందరూ మోరంగడ్డ తోటలు వేసుకుని బతికారు. కాలి మీద గుంట కూడా ఆ దీవుల ఖైదీల్లో చాలామందికి వచ్చిన పుండుదే కావచ్చు. చిన్న గీత పడితే చాలు, తిండి లేని ఒంట్లో అది ఎముకదాకా తినేసేది. 1945 సెప్టెంబర్ 6న రబౌల్‌లో జపాన్ సైన్యం లొంగిపోయింది. కొద్ది రోజులకు ఆస్ట్రేలియన్లు దిగి వేలమంది ఇండియన్ ఖైదీలను విడిపించారు.

రిటైర్డ్_సుబేదార్
ఆర్.ఐ.ఎ.ఎస్.సి. అంటే నేను అనుకున్నదే, సర్వీస్ కోర్. ఇప్పుడది ఆర్మీ సర్వీస్ కోర్ (ఏ.ఎస్.సి.), దాని రికార్డ్స్ ఆఫీసు బెంగళూరులో ఉంది. రాణిఖేత్‌కు రాసినా, నిజాం కాగితాల కోసం తార్నాక ఆర్కైవ్స్‌లో కూర్చున్నా దొరకనిది అందుకే.

ఇట్లా రాయి. నంబరు, పతకం మీద ఉన్న స్పెల్లింగ్ ఉన్నది ఉన్నట్టు, అసలు పేరు, తండ్రి పేరు, ఊరు, అప్పటి జిల్లా "వరంగల్, హైదరాబాద్ రాష్ట్రం" అని. నువ్వు మనవడివని రుజువు, తాత మరణ ధ్రువపత్రం జత చెయ్యి. పింఛను లేకుండా డిశ్చార్జ్ అయినవాళ్ళ కాగితాలు 25 ఏళ్ళకు తీసేస్తారు. కానీ లాంగ్ రోల్ అనే రిజిస్టర్ శాశ్వతంగా ఉంచుతారు. "లాంగ్ రోల్ ఎంట్రీ ఇవ్వండి" అని ఆ మాటే రాయి. హనుమకొండలో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా కూడా పంపవచ్చు.

రెండోది, ఆస్ట్రేలియా. వాళ్ళు యుద్ధ నేరాల విచారణలు మొత్తం 300 జరిపారు, సగానికి పైగా రబౌల్‌లోనే. వాటిలో చాలా కేసులు ఇండియన్ ఖైదీలను హింసించినవే. ఆ ఫైళ్ళు నేషనల్ ఆర్కైవ్స్ ఆఫ్ ఆస్ట్రేలియా సైట్‌లో చదవవచ్చు. ఆస్ట్రేలియన్ వార్ మెమోరియల్ సైట్‌లో విడుదలైన ఇండియన్ల ఫోటోలున్నాయి.

సికిందర్_కరీంనగర్
రిజిస్టర్డ్ పోస్ట్‌లోనే పంపు. రసీదు దాచుకో.

ధర్మసాగర్_మనవడు
అందరికీ అప్‌డేట్. ఉత్తరం పంపి పదకొండు వారాలైంది. నిన్న జవాబు వచ్చింది, ఒకటే పేజీ. లాంగ్ రోల్‌లో ఒక్క అడ్డ గీత అంత సమాచారం. చేరిన తేదీ 1941 మార్చి, సికింద్రాబాద్. హోదా, డ్రైవర్. తర్వాత "యుద్ధఖైదీ, 15-2-1942". తర్వాత "విడుదల, సెప్టెంబర్ 1945". డిశ్చార్జ్ 1946. స్థలం పేరు లేదు. కాజీపేట అన్నా, మీరన్నది నిజమే, కాగితం ప్రకారం రబౌల్ ఇంకా తేలలేదు. జెనీవా ఫారం కూడా పెట్టాను, ఈసారి కోటా దొరికింది.

కానీ ఫోటోలు చూశాను. రబౌల్‌లో విడుదలైన ఇండియన్ల ఫోటోలన్నీ ఫోన్‌లో దింపుకుని మొన్న పరకాల పోయాను. మేనత్తకు చత్వారం, ఒక్కో ఫోటో పెద్దది చేసి చూపించాను. ముఖాలన్నీ చూసింది. "బాపు లేడు ఇండ్ల" అంది. ఒక ఫోటోలో గుడ్డలు కట్టిన కాళ్ళతో వరసగా నిలబడ్డవాళ్ళున్నారు. ఆమె వేలు ముఖాల మీంచి కిందికి జారింది. ఒకతని మోకాలి కింద కట్టు దగ్గర ఆగింది. చాలాసేపు అక్కడే పెట్టింది. ఫోన్ వెలుగు ఆరిపోతే నేను మళ్ళీ ముట్టుకుని వెలిగించాను.

తర్వాత ఒక్కొక్కరినీ లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఇచి, ని, సన్ అని. వరస చివర ఒక మనిషి సగమే పడ్డాడు ఫోటోలో. అతన్ని కలపాలా వద్దా అని ఆగి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది.